వీడికి మసెందుకు

నిన్న రాత్రి నెల్లూరు నుంచి కావలికి బస్సులో వస్తా ఒక సినిమా విమర్శకుడి ప్రసంగం విన్నాను. పాత హాలీవుడ్ కామెడీల్లో జాతి, రంగు గురించి. 1961లో వచ్చిన 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్'లో జపాన్ మనిషి పాత్రను అమెరికా తెల్ల నటుడు మిక్కీ రూనీకి పెట్టుడు పళ్ళు తగిలించి వేయించారు. అదే దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ 1968లో 'ది పార్టీ' తీస్తే, అందులో మన ఇండియా నటుడిగా కనబడేది ఇంగ్లండ్ నటుడు పీటర్ సెల్లర్స్, ముఖానికి గోధుమ రంగు పూసుకొని. సెల్లర్స్ గొప్ప నటుడే. ఆ బూటు నీళ్ళలో కొట్టుకుపోయే సీనుకి నాకిప్పటికీ నవ్వొస్తుంది. కానీ మనం నవ్వేది మనిషి చేసిన పనికా, ఒంటి రంగుకా అని ఆ విమర్శకుడు అడిగింది బస్సు దిగినా నన్ను వదల్లేదు.

ఏడో తరగతిలో స్కూలు వార్షికోత్సవం. అడవి మనుషుల వేషాలకి కొబ్బరిచిప్పలు కాల్చిన మసి నూనెలో కలిపి, వరసగా పిల్లల ముఖాలకి రాస్తున్నారు. నా వంతొచ్చింది. మా సారు నా గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి, "వీడికి మసెందుకు అబ్బయా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నె నన్ను దాటి పక్కవాడి దగ్గరికి పోవడం, ఆ కమురు వాసన, ఇంకా గుర్తున్నాయి.

మన సినిమాలేం తక్కువ? పెళ్ళిచూపుల్లో నల్లటి అమ్మాయిని చూసి పెళ్ళికొడుకు జడుసుకునే సీన్లు ఎన్ని చూశాం! వాటిని దాచెయ్యమని నేననను. మా పాపతో కలిసే చూస్తాను, అక్కడ ఆపి మాట్లాడతాను. దానిది నా రంగే.