నాన్నగారి కారులో ఆ టక్‌టక్ శబ్దం
మూడు నెలలుగా నాన్నగారి పాత కారును ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజన్‌లోంచి టక్‌టక్‌మనే శబ్దం వచ్చేది. అలిపిరి దాటి, 1974లో తెరిచిన తిరుమల రెండో ఘాట్ రోడ్డు తొలి మలుపుల్లో అది మరింత పెరిగి, ఇంజన్ బాగా వేడెక్కాక సద్దుమణిగేది. ఇంజన్ వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేయించినా, ఆయిల్ మార్పించినా ఫలితం లేకపోయింది.

చివరకు చంద్రగిరిలో ఒక పెద్ద మెకానిక్, "బండి రేత్రికి ఈడనే పెట్టిపో నాయనా, వేడి మీద ఇది దొరకదు" అన్నారు. మరునాడు చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి విని, ఇంజన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంచున గోరంత మేర పట్టిన మసిని వేలితో తుడిచి చూపించారు. అక్కడ దాన్ని ఇంజన్‌కు బిగించే ఒక స్టడ్ విరిగి, మధ్యలో సందు మూసే గాస్కెట్ కాలిపోయి, ఆ సందులోంచి పొగ కొట్టుకొస్తోంది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోవడం వల్లనే శబ్దం ఆగిపోయేది. విరిగిన ముక్కను తీయడానికే సగం రోజు పట్టింది.

ఈ ఉదయం బానెట్ ఎత్తి చాలాసేపు విన్నాను. నాన్నగారు నడిపిన రోజుల నాటి మెత్తటి చప్పుడే వినిపించింది.