పాసడీనాలో నాలుగో డౌన్

ఆన్ ఆర్బర్‌లో ఎంఎస్ చదివినప్పటి నుంచీ మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టంటే నాకు ప్రాణం. చదువు అయిపోయి, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం దొరికి, నోవైలో ఇల్లు కొనుక్కుని, పిల్ల హైస్కూల్‌కి వచ్చినా ఆ పిచ్చి తగ్గలేదు. లక్షా ఏడు వేల మందికి పైగా పట్టే స్టేడియం మా ఊరికి అరగంట దూరంలోనే ఉంది. అయినా నాకున్న కోరిక ఒక్కటే: మా జట్టు రోజ్ బౌల్ ఆడుతుంటే కాలిఫోర్నియా వెళ్ళి కళ్ళారా చూడాలి. 2024 జనవరి 1న అది తీరింది.

బౌల్ గేమ్ సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ డిసెంబర్ మొదట్లో ముగుస్తుంది. బాగా ఆడిన జట్లను ఆ తర్వాత ఎండ కాసే ఊళ్ళకి పిలిచి ఆడించే మ్యాచ్‌లే బౌల్ గేములు. అన్నిటికన్నా పాతది పాసడీనాలో జరిగే రోజ్ బౌల్. 1902లో జరిగిన మొట్టమొదటి మ్యాచ్‌లో మిషిగన్ 49-0తో స్టాన్‌ఫర్డ్‌ని ఓడించింది. ఇంకా కొన్ని నిమిషాల ఆట మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇక మా వల్ల కాదని చేతులెత్తేశారు.

ఈసారి రోజ్ బౌల్ జాతీయ చాంపియన్‌షిప్‌కి సెమీఫైనల్ కూడా. అప్పట్లో సెమీఫైనల్స్‌కి ఒక కమిటీ నాలుగే జట్లను ఎంచేది. 13 మ్యాచ్‌లూ గెలిచిన మిషిగన్ నంబర్ వన్. ఒక్కటే ఓడిన అలబామా నంబర్ ఫోర్. వరసగా 29 మ్యాచ్‌లు గెలిచిన జార్జియాని చివర్లో 27-24తో ఓడించి అలబామా ఆ నాలుగో చోటు దక్కించుకుంది. అయితే ఫ్లోరిడా స్టేట్ కూడా 13కి 13 గెలిచింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించే ఆటగాడు, జోర్డన్ ట్రావిస్ కాలు విరగడంతో జట్టు బలం తగ్గిందని కమిటీ వాళ్ళని పక్కన పెట్టింది. నా మట్టుకు అది అన్యాయం. మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని పిల్లల్ని గదిలో కూర్చుని ఓడించకూడదు.

మిషిగన్ అంతకు ముందు రెండేళ్ళూ సెమీఫైనల్లోనే ఇంటికొచ్చింది. ఒకసారి జార్జియా చేతిలో 34-11తో, తర్వాతి ఏడు టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) చేతిలో 51-45తో. అందుకే టికెట్లు బుక్ చేస్తుంటే మా ఆవిడ, "మళ్ళీ ఓడితే ఇంట్లో వారం రోజులు మౌనవ్రతం చేస్తారు, ఆలోచించుకోండి" అంది. అన్నా తనే పిల్లకి కొత్త జెర్సీ కొంది.

డెట్రాయిట్‌లో విమానం ఎక్కితే లోపలంతా పసుపూ నీలమే. సీట్ బెల్ట్ పెట్టుకోమని చెప్పాక పైలట్ "గో బ్లూ" అన్నాడు, క్యాబిన్ మొత్తం అందుకుంది. నా పక్క సీటాయన ఎనభై దాటిన మనిషి. ఎప్పుడో మా కాలేజీలోనే చదివాడట. కొడుకూ మనవడూ వెనక వరసలో కూర్చున్నారు. ముగ్గురిదీ ఒకే కాలేజీ. మన దగ్గర సర్టిఫికెట్ చేతికొచ్చాక కాలేజీ వైపు మళ్ళీ వెళ్ళేది ఎవరు? ఇక్కడ కాలేజీ అంటే ఇంటిపేరులా వెంట వస్తుంది. ఈ ఆట మీద నాకు ఇంత ఇష్టం పెరగడానికి అది కూడా కారణం.

అర్వైన్‌లో ఉండే మా బావమరిది ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్ళాడు. మర్నాడు, డిసెంబర్ 31 సాయంత్రం, అందరం పాసడీనా చేరాం. కొలరాడో బులెవార్డ్ మీద అప్పటికే కాలు పెట్టే సందు లేదు. న్యూ ఇయర్ పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యే రోజ్ పరేడ్ కోసం జనం ముందు రోజే వచ్చి పేవ్‌మెంట్ మీద చోటు పట్టుకుంటారు. దుప్పట్లు, మడత కుర్చీలు, గాలి పరుపులు, చిన్న నిప్పుల కుంపట్లు. రోడ్డు అంచున ఒక నీలం గీత ఉంటుంది. రాత్రి పదకొండయ్యాక కుర్చీలన్నీ దాని దాకా జరుపుకోవచ్చు. ఆ టైముకి వీధి వీధంతా ఒకేసారి లేచి ముందుకు కదులుతుంటే చూడాలి! చలి బాగానే ఉంది కానీ మిషిగన్ చలి ఎరిగిన మాకది లెక్కలోది కాదు. బావమరిది మాత్రం రెండు జాకెట్లు వేసుకుని వణికాడు. తెల్లారుజామున మా ఆవిడ తెచ్చిన పులిహోర డబ్బా తెరిస్తే పక్కనున్న మెక్సికన్ కుటుంబం వాసనకి ఇటు తిరిగింది. వాళ్ళకి కాస్త పెట్టాం. వాళ్ళు మొక్కజొన్న పిండితో చేసే తమాలెలు వేడి వేడిగా ఇచ్చారు.

పరేడ్‌లో వచ్చే శకటాలకి ఒక నియమం ఉంది. పైకి కనపడే ప్రతి అంగుళం పూలతోనో ఆకులు, గింజలు, బెరళ్ళ లాంటి ప్రకృతి వస్తువులతోనో కప్పాలి. దూరం నుంచి చూస్తే రంగు వేసినట్టే ఉంటుంది. ఒక శకటం సరిగ్గా మా ముందుకొచ్చి కాసేపు ఆగింది. నేనూ మా అమ్మాయీ గీత దాకా వంగి చూశాం. ఏనుగు తొండం మీది ముడతలు అవిసె గింజలతో వచ్చాయి. ఒక్కో గింజా పక్క గింజకి ఆనుకుని, అన్నీ ఒకే వాలులో అంటించి ఉన్నాయి. కంటి చుట్టూ నల్లటి గీత గసగసాల లాంటి సన్న గింజలతో దిద్దారు. కింద గులాబీలు ఒక్కోటీ నీళ్ళు నింపిన చిన్న గొట్టంలో గుచ్చి ఉన్నాయి, వాడిపోకుండా. "నాన్నా, ఇది బతుకమ్మ కదా" అంది పిల్ల. అవును, పూలు పేర్చే ఓపిక చూస్తే కరీంనగర్‌లో మా అమ్మమ్మ ముందు కూర్చున్నట్టే ఉంది.

రెండు యూనివర్సిటీల బ్యాండ్లూ పరేడ్‌లోనే నడిచాయి. మా పిల్లలు వాయిస్తూ వెళ్తుంటే నా గొంతు బొంగురుపోయింది, ఆట ఇంకా మొదలే కాలేదు.

అక్కడి నుంచి స్టేడియానికి షటిల్ బస్సు కోసం నిలబడ్డ క్యూ గురించి ఎక్కువ చెప్పను. ఎండలో అంగుళం అంగుళం కదిలింది, అంతే. స్టేడియం అరోయో సెకో అనే లోయలో, శాన్ గాబ్రియల్ కొండల కింద ఉంటుంది. చుట్టూ గోల్ఫ్ కోర్సు. మ్యాచ్ రోజున ఆ పచ్చిక మీదే కార్లు నిలుపుతారు. కార్ల డిక్కీలు తెరిచి, గ్రిల్లులు పెట్టి, మాంసం కాలుస్తూ, పిల్లలు బంతి విసురుకుంటూ జాతర చేస్తున్నారు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. పసుపు-నీలం గుంపుల మధ్యలో ఎర్ర గుంపులు. అలబామా పెద్దవాళ్ళు కొందరు నలుపు తెలుపు గళ్ళ టోపీలు పెట్టుకున్నారు. వాళ్ళ పాత కోచ్ బేర్ బ్రయంట్ అలాంటి టోపీ పెట్టుకునేవాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటినా టోపీ మాత్రం పోలేదు.

1922లో కట్టిన స్టేడియం కాబట్టి లోపలికి పోయే సొరంగాలు ఇరుకు. చీకట్లో ఒకరి వెనక ఒకరు భుజాలు రాసుకుంటూ నడుస్తాం. చివర్లో ఒక్కసారిగా వెలుతురు, పచ్చటి గడ్డి, ఎదురుగా కొండలు. టీవీలో ఎన్నిసార్లు చూసినా ఇది వేరు. ఆ రోజు వచ్చింది 96,371 మంది.

మా పక్క సీటు అలబామా యూనివర్సిటీ ఉండే టస్కలూసా నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. 1926లో అలబామా ఇక్కడికి వచ్చి 20-19తో వాషింగ్టన్‌ని ఓడించిన కథ ఆమె చెప్పింది. దక్షిణాది జట్లకి ఆట రాదనుకునే రోజుల్లో ఆ ఒక్క గెలుపు వాళ్ళని తలెత్తుకునేలా చేసిందట. అందుకే వాళ్ళ యూనివర్సిటీ పాటలోనే రోజ్ బౌల్ మాట ఉందని చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి. ఆ రోజుకి మా ప్రత్యర్థే అయినా ఆమె అంటే నాకు గౌరవం కలిగింది.

బావమరిదికి ఆట కొత్త. "బావా, నాకు ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లంటారు, పది గజాలు దాటితే మళ్ళీ నాలుగు వస్తాయి అన్నాను. మూడు అయిపోయినా దాటకపోతే మామూలుగా బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్ళకి ఇచ్చేస్తారు, దాన్ని పంట్ అంటారు. అలా ఇవ్వకుండా నాలుగోది ఆడారంటే తెగించారని అర్థం. ఆ రోజంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుందని అప్పుడు నాకు తెలియదు.

మొదటి బంతికే మా క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీ విసిరింది అలబామా చేతికి చిక్కింది. అదృష్టం, పట్టుకున్నవాడి కాలు గీత బయట పడింది. కాసేపటికే అలబామా తన్నిన పంట్‌ని మావాడొకడు జారవిడిచాడు, బంతి వాళ్ళకే దొరికింది. జేస్ మెక్లెలన్ 34 గజాల పరుగుతో టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని మా గోల్ గీత దాటించాడు. 7-0. మా వరస అంతా చప్పబడింది. అక్కడి నుంచి మా డిఫెన్స్ లేచింది. మొదటి సగంలోనే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్రోని అయిదుసార్లు బంతితో సహా పడగొట్టారు. బ్లేక్ కోరమ్, టైలర్ మోరిస్ చెరొక టచ్‌డౌన్ చేశారు. విరామానికి 13-10, మాదే పైచేయి.

ఆ తర్వాత కొండలు గులాబీ రంగులోకి తిరిగాయి, లైట్లు వెలిగాయి, మా ఆట మాత్రం ఆరిపోయింది. నాలుగో క్వార్టర్‌లో అలబామా 20-13కి వెళ్ళింది. నాలుగున్నర నిమిషాలే ఉంది. ఆ పాత రెండేళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. మా సొంత 33 గజాల గీత దగ్గర నాలుగో డౌన్ వచ్చింది, రెండు గజాలు కావాలి. ఆగితే కథ అయిపోయినట్టే. బావమరిది నా చెయ్యి పట్టుకుని "తెగిస్తారా బావా?" అన్నాడు. తెగించారు. మెకార్తీ పక్కకి పరిగెత్తిన కోరమ్‌కి చిన్న పాస్ ఇచ్చాడు. అతను ఏకంగా 27 గజాలు పోయాడు! తర్వాత వచ్చిన పాస్‌ని ఒక డిఫెండర్ వేలితో తాకి దారి మళ్ళించాడు. అయినా రోమన్ విల్సన్ పైకెగిరి, వెనక్కి వంగి, దాన్ని పట్టుకుని 29 గజాలు లాక్కెళ్ళాడు. ఆ తర్వాత టచ్‌డౌన్ కూడా అతనిదే. 20-20, ఇంకా నిమిషం ముప్పై నాలుగు సెకన్లు.

అక్కడితో టెన్షన్ తీరలేదు. చివరి నిమిషంలో అలబామా తన్నిన పంట్‌ని మావాడు మా గోల్ గీత దగ్గరే జారవిడిచాడు. ఎలాగో ఒక గజం గీత దగ్గర దాని మీద పడ్డాడు. ఇంకో అడుగు వెనక్కి పోయుంటే రెండు పాయింట్లతో పాటు మ్యాచే పోయేది. మా ఆవిడ కళ్ళు మూసుకుని వెంకటేశ్వర స్వామికి ఏం మొక్కుకుందో ఇప్పటికీ చెప్పలేదు.

కాలేజీ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకీ 25 గజాల దూరం నుంచి చెరొక అవకాశం ఇస్తారు. కోరమ్ మొదట ఎనిమిది గజాలు, తర్వాత ఇద్దర్ని తప్పించుకుని మిగతా 17. రెండే ఆటల్లో 27-20. ఇక అలబామా వంతు. గోల్ గీతకి మూడు గజాల దూరంలో వాళ్ళ నాలుగో డౌన్. టైమౌట్లు తీసుకున్నారు, ఆలోచించుకున్నారు, మళ్ళీ వరస కట్టారు. 96 వేల మంది నిలబడ్డారు. స్నాప్, అంటే ఆట మొదలవ్వగానే క్వార్టర్‌బ్యాక్‌కి అందించే బంతి, కిందుగా వచ్చింది. మిల్రో అందుకుని నేరుగా మధ్యలోకి దూకాడు. ఒక్క క్షణం నీలం చొక్కాల కుప్ప తప్ప ఏమీ కనపడలేదు. గీతకి ఇవతలే పడిపోయాడు.

తర్వాత నేనేం అరిచానో నాకు తెలియదు. మా అమ్మాయి నా మెడ పట్టుకుని ఏడుస్తోంది. బావమరిది ముందు వరసలోని ముక్కూ మొహం తెలియని వాళ్ళని కావలించుకుంటున్నాడు. టస్కలూసా ఆవిడ లేచి నా చెయ్యి నొక్కి, "మీ పిల్లలు బాగా ఆడారు, వెళ్ళి కప్పు తెచ్చుకోండి" అంది. ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసు కావాలి! కింద మైదానంలో కోచ్ జిమ్ హార్బా ఆటగాళ్ళ మధ్య గంతులేస్తున్నాడు. 1987లో ఇదే మైదానంలో మిషిగన్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి అరిజోనా స్టేట్ చేతిలో ఓడిన మనిషి ఆయన.

మర్నాడు ఆర్టీషియాలో పయనీర్ బులెవార్డ్ మీద దోశలు తింటుంటే మా పసుపు జెర్సీలు చూసి హోటల్ కుర్రాడు స్కోరు అడిగాడు. బావమరిది ఆ ఓవర్‌టైమ్ మొత్తం చట్నీ గిన్నెలు అటూ ఇటూ జరిపి అతనికి చూపించాడు.

అలబామా కోచ్ నిక్ సేబన్ జనవరి 10న రిటైరయ్యాడు. ఏడు జాతీయ టైటిళ్ళ మనిషి ఆడించిన చివరి మ్యాచ్ మేం చూసిందేనని అప్పుడు తెలిసింది. నాలుగు జట్ల పద్ధతికి కూడా అదే ఆఖరి ఏడు. తర్వాతి సీజన్ నుంచి 12 జట్లు. ఫ్లోరిడా స్టేట్ లాంటి జట్టు మళ్ళీ బయట నిలబడకుండా ఉంటే అది మంచి మార్పే. జనవరి 8న హ్యూస్టన్‌లో మా వాళ్ళు వాషింగ్టన్‌ని 34-13తో ఓడించి, 1997 సీజన్ తర్వాత మళ్ళీ జాతీయ చాంపియన్లయ్యారు. ఆ రాత్రి మొదటి టచ్‌డౌన్ పడగానే అర్వైన్ నుంచి ఫోన్ మోగింది. బావమరిది చివరిదాకా లైన్‌లోనే ఉన్నాడు.