ఎర్ర మూత సిరంజి

ఆ రాత్రి మేల్ వార్డులో నర్సులం ఇద్దరమే. పేషెంట్లు పంతొమ్మిది మంది. ఏడో బెడ్డు పెద్దాయనది గౌతమి అవతల లంక. షుగరు, కాలికి పుండు. ఇంటి దగ్గర వాడే ఇన్సులిన్ పెన్ను వెంట తెచ్చుకున్నారు గానీ దాని సూదులు అయిపోయాయి. కింద మా ఫార్మసీలో అడిగితే లేవన్నారు. భోజనం క్యారేజీ వచ్చేసింది. ఇలాంటప్పుడు వార్డులో అందరం చేసే పనే నేనూ చేశాను. పెన్నులో మందు ఉండే చిన్న గొట్టం, అదే కార్ట్రిడ్జ్, తీసి, అందులోంచి ఇన్సులిన్ సిరంజితో 12 గీత దాకా లాగి ఇచ్చేశాను.

ఆ సిరంజికి మూత ఎర్రది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మన దగ్గర సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో మామూలుగా ఉండేది 100 యూనిట్లది. ఆ బలానికి గీతలు కొట్టిన సిరంజి మూత నారింజ రంగు. ఎర్ర మూత సిరంజిలో 12 గీత అంటే 0.3 మిల్లీలీటరు. పెన్ను మందు అంత లాగితే 30 యూనిట్లు. చార్టులో 12 రాసి ఉంది, నేను ఇచ్చింది 30.

పదిన్నరకి ఆయన భార్య పరుగున వచ్చింది. "సిస్టరమ్మా, ఈయనకి ఒకటే చెమటలండీ, పిలిస్తే పలకట్లేదండీ." జీఆర్‌బీఎస్, అంటే అప్పటికప్పుడు చూసే షుగరు, 46కి పడిపోయింది. డ్యూటీ డాక్టరు గారొచ్చి 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు, ఎక్కించారు. కాసేపటికి పెద్దాయన కళ్లు తెరిచి, "ఏమే, తెల్లారిందా?" అన్నారు. నాకు మాత్రం అప్పుడప్పుడే తెల్లారేలా లేదు.

"సరిగా తినలేదేమో" అన్నారు డాక్టరు గారు. అబద్ధం కాదు, ఆయన తిన్నది రెండిడ్లీలే. కేస్ షీట్‌లో ఆ ఒక్క ముక్క రాస్తే అక్కడితో సరి. గంటకోసారి షుగరు చూస్తూ కూర్చున్నాను. మూడింటికి ట్రేలో ఆ ఎర్ర మూత కనబడింది. వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఒళ్లు చల్లబడిపోయింది. ఉద్యోగం, ఇంటి అద్దె, మా అమ్మ ముఖం అన్నీ గుర్తొచ్చాయి. ఐదింటికి వెళ్లి డాక్టరు గారికి చెప్పేశాను. ధైర్యం అనుకోకండి, దాచుకునే ఓపిక లేక చెప్పాను.

మేట్రన్ మేడం బీరువాలో, పొరపాటు జరిగితే రాసివ్వాల్సిన ఇన్సిడెంట్ ఫారాల కట్ట ఒకటి ఉంది. ఆసుపత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు తెచ్చుకుందామనుకున్నప్పుడు ప్రింటు చేయించినవి. రెండేళ్లలో ఒక్కటీ నింపలేదు. అంటే రెండేళ్లూ మా దగ్గర ఏ పొరపాటూ జరగలేదన్నమాట! మొదటి ఫారం నాది. మర్నాడే నాకు మెమో కూడా వచ్చింది, నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇమ్మని.

నాలుగో రోజు మీటింగు పెట్టారు. మా ఫిజీషియన్ గారిది ఈ సీమే, గోదావరి గట్టు కింద ఊరు. ఆయన మెమో చదివి పక్కన పెట్టి, "86 వరదలో గట్టు తెగినప్పుడు ఆ రాత్రి కాపలా ఉన్న లస్కరుని తిట్టి ఊరుకుంటే సరిపోయేదా? ఎలక బొరియలు ఎక్కడున్నాయో చూడక్కర్లేదా?" అన్నారు. తర్వాత నర్సుల వైపు తిరిగారు. "పేర్లు రాయను, ఎవరికీ మెమో రాదు. పెన్ను మందు సిరంజితో లాగినవాళ్లు ఎంతమంది?"

ఎవరూ కదల్లేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ముందు మా సీనియర్ అక్క చెయ్యెత్తింది, పదేళ్ల సర్వీసు ఆవిడది. తర్వాత ఇంకొకరు. ఉన్న పదకొండు మందిలో నాతో కలిపి ఆరుగురం. నాకు ఏడుపొచ్చింది. అందులో ఊరట ఎంతో, భయం ఎంతో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నాళ్లూ ఎంతమందికి రాత్రిళ్లు చెమటలు పోసి ఉంటాయి? అన్నిటికీ "సరిగా తినలేదు" అనే రాసుంటాం.

అక్కణ్ణుంచి బొరియలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వార్డుకి కావలసినవి రాసి పంపే మా ఇండెంటులో పెన్ను సూదులు ఎప్పుడూ లేవు, ఎవరూ అడగలేదని ఫార్మసీవాళ్లన్నారు. అడిగినా రావని మేం అడగడం మానేశాం. చార్టులో మోతాదు ఉంది గానీ మందు బలం లేదు. నారింజ మూత సిరంజిలు కూడా వార్డులో పెడదామని ఒకరన్నారు. రెండూ ఒకే ట్రేలో ఉంటే ఇంకో రకం తప్పు జరుగుతుందని సీనియర్ అక్క అడ్డుపడింది, ఆవిడ మాటే నెగ్గింది. పెన్ను సూదులు వార్డు స్టాకులోకి వచ్చాయి. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగడం బంద్. ఇన్సులిన్ ఏదైనా ఇద్దరు చూశాకే ఇవ్వాలి. ఇంగ్లీషులో 'U' అని పొట్టిగా రాస్తే సున్నాలా కనబడి 12 కాస్తా 120 అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్లు 'యూనిట్లు' అని పూర్తిగా రాయాలి. ఈ చివరిది అమలవడానికి అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది, ఎందుకో మీకు తెలుసు.

ఇంటివాళ్లకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఫిజీషియన్ గారు పక్కన నిలబడ్డారు, నేనే చెప్పాను. కొడుకు గట్టిగానే అరిచాడు, పడ్డాను. ఆ రాత్రి బిల్లు తీసేశారు. పెద్దాయన మాత్రం అంతా విని, "ఆయ్, అయితే ఆ పెన్ను ఇలా ఇచ్చెయ్యమ్మా, నేనే పొడుచుకుంటాను" అన్నారు. డిశ్చార్జి దాకా, మేం పక్కన ఉండి చూస్తుంటే, ఆయనే పొడుచుకున్నారు.

మెమో వెనక్కి తీసుకున్నారు. తర్వాత మూడు నెలల్లో పద్నాలుగు ఫారాలొచ్చాయి. ఇన్ని తప్పులా అని మేనేజ్‌మెంట్ కంగారుపడింది. తప్పులు పెరగలేదు సార్, రాయడం పెరిగింది అని మేట్రన్ మేడం రెండు మీటింగుల్లో చెప్పాల్సొచ్చింది. సెప్టెంబరు 17న పేషెంట్ సేఫ్టీ దినోత్సవం అని 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ జరుపుతోంది. దాని రంగు కూడా నారింజే. మేం రిబ్బన్లు కట్టి ఫొటోలు దిగాం. ఆ వారమే చేరిన కొత్తమ్మాయి, పాత ఆసుపత్రి అలవాటు కొద్దీ, కార్ట్రిడ్జ్‌లోకి ఎర్ర మూత సిరంజి గుచ్చబోతుంటే రెండో నర్సు చూసి ఆపింది. రూలు పెట్టాం గానీ, కొత్తగా చేరినవాళ్లకి అది చెప్పేదెవరో ఎక్కడా రాసుకోలేదు. ఆ ఫారం నేనే రాశాను. ఇప్పుడు కొత్తవాళ్లకి మొదటి రోజు అరగంట ఇన్సులిన్ క్లాసు నాదే.

పోయిన వారం నా మీద కూడా ఒకటి వచ్చింది. నాలుగో బెడ్డు రైలింగ్ ఎత్తడం మర్చిపోయానట. రాసింది ఆ కొత్తమ్మాయే.