కంట్రోల్ డి

పదకొండు దాటింది. చిన్నోడు పడుకున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున సారు అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "ఆ టకటకలు బంద్ చేసి మౌస్‌తో చెయ్యమ్మా. ఏం కొడుతున్నవో మాకు కనబడాలె." అదీ అందరి ముందు.

వానాకాలం వడ్లు మిర్యాలగూడకు దిగే రోజులు. మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా సన్నాల ట్రాక్టర్లే. రాత్రంతా ట్రాలీల మీద పడుకున్న రైతులు కిటికీ దగ్గర చీటీలు పట్టుకుని నిలబడతారు. ఆ చీటీలు ఎక్సెల్‌లో ఎక్కించేది నేనే. నా ఎంట్రీ ఎంత తొందరగా అయితే వాళ్లు అంత తొందరగా ఇల్లు చేరతారు. తేదీకి కంట్రోల్ పట్టి సెమీకోలన్ నొక్కితే చాలు. ఊరు పై గడిలోదే అయితే కంట్రోల్ డి, పైనున్నది కిందికి దిగుతుంది. దానికి మౌస్ పట్టుకుని, కుడి బటన్ నొక్కి, కాపీ వెతికి, మళ్లీ కింది గడికి వచ్చి పేస్ట్ వెతకాలా? సారు చూడటానికి వీలుగా ఉండాలని ఆ రైతును ఇంకాసేపు నిలబెట్టాలా?

ఈ పని నేర్పింది నల్లగొండ డీటీపీ అన్న. క్లాక్ టవర్ దగ్గర చిన్న షాపు. చేరిన మొదటి వారమే మౌస్ వైరు పీకి సొరుగులో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులు ఏడ్చాను. "చిటికెన వేలు కంట్రోల్ మీదనే ఉండాలె" అనేవాడు. చేసింది వెనక్కి తీసుకోవడానికి జెడ్, కట్‌కు ఎక్స్, కాపీకి సి, పేస్ట్‌కు వి. నాలుగూ కింది వరసలో పక్కపక్కనే. మణికట్టు లేపకుండా ఎడమచేత్తోనే అందుతాయి. మాఘమాసం పెళ్లిపత్రికలు వచ్చేసరికి నా వేళ్లు వాటంతటవే నడిచేవి. కట్, కాపీ, పేస్ట్ 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన తోటివాళ్లు తయారుచేశారట. 2020లో ఆయన పోయినప్పుడు చదివాను. వెంటనే అన్నకే ఫోన్ చేసి చెప్పాను.

ఇక్కడిదాకా కోపంతోనే రాశాను. కానీ పోయిన వారం సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. ఊరి గడి అనుకుని తూకం గడిలో కంట్రోల్ డి కొట్టాను. వేములపల్లి పెద్దాయన చీటీలో 47.20 క్వింటాళ్లు, స్క్రీన్ మీద 43.80. ముందు ట్రాక్టర్ తూకం ఈయనకు పడింది. ఆయనే కిటికీలోంచి తల పెట్టి, "బిడ్డా, నాది గది కాదు" అన్నాడు. ఆయన చూడకపోతే మూడు క్వింటాళ్ల నలభై కిలోలు పోయేవి. సారు అప్పుడు వెనకే ఉన్నారు, ఏమీ అనలేదు. ఈరోజన్నది దాని గురించేనేమో.

పెళ్లిపత్రిక ప్రింటుకు పంపే ముందు ప్రతి పేరు మీద వేలు పెట్టి పైకి చదివించేవాడు అన్న. అది నేనెప్పుడు మానేశానో గుర్తు లేదు.

రేపటి నుంచి తూకం మాత్రం అంకె అంకె కొట్టి, కిటికీ అవతలికి వినబడేలా చదువుతాను. మిగతా గడుల్లో మౌస్ ముట్టను. సారుకు ఆ మాట పొద్దున్నే చెప్పాలి, ట్రాక్టర్లు రాకముందే.