యెహోయాదా పెట్టె, మన కోత పండుగ

సెప్టెంబరు వచ్చిందంటే మన క్రైస్తవ సంఘాల్లో పెద్దల కూడికలు మొదలవుతాయి. పంటని దేవుడికి కానుకగా తెచ్చే కోత పండుగకి ప్రసంగీకులు ఎవరు, సౌండ్ ఎవరిది, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగా ఉండాలి, భోజనాల్లో ఏం పెట్టాలి. మా సంఘంలో ఈసారి వీటితోనే పొద్దుపోయింది. ఆడవాళ్లు కూర్చునే వైపు పైకప్పు నుంచి వాననీరు గోడ వెంట కారి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఆ మాట ఎత్తితే "పండగయ్యాక చూద్దాం లెండి" అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి బైబిల్లో రెండవ రాజులు పన్నెండో అధ్యాయం తీశాను.

యూదా రాజు యోవాషు సంగతి మీకు తెలిసిందే. యెరూషలేము మందిరం శిథిలమైంది, వచ్చే ద్రవ్యంతో బాగుచేయించండి అని యాజకులకి చెప్పాడు. రాజ్యానికొచ్చి ఇరవై మూడో ఏడు నడుస్తున్నా ఒక్క బీటకి కూడా మట్టి మెత్తలేదు. యాజకులు దొంగిలించారని వాక్యం ఎక్కడా అనదు. ద్రవ్యం వస్తోంది, ఖర్చవుతోంది, పని మాత్రం జరగడం లేదు, అంతే. ఈ మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంటుంది. మన సంఘాల్లో ఎక్కువగా జరిగేదీ ఇదే కదా! ఎవరూ తినరు, ఎవరూ చూడరు, ఏళ్లు గడిచిపోతాయి.

అప్పుడు ప్రధాన యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం చేసి, మందిరంలోకి వచ్చేవాళ్లకి కుడివైపున, బలిపీఠం దగ్గర పెట్టాడు. అందరి కళ్లూ పడే చోటు. అది నిండాక లెక్క ఎవరు చూశారో ఒకసారి చదవండి. "రాజుయొక్క ప్రధాన మంత్రియు ప్రధాన యాజకుడును వచ్చి". ఇద్దరు. యెహోయాదా ఒక్కడే కూర్చుని లెక్కపెట్టుకోలేదు.

ఆయన ఎలాంటివాడో తలుచుకోండి. అతల్యా రాణి రాజవంశాన్నంతా చంపిస్తుంటే ఈ యోవాషును చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఎత్తుకొచ్చి ఆరేళ్లు మందిరంలో దాచింది ఆయన ఇంటివాళ్లే. ప్రాణాలకి తెగించి సింహాసనం నిలబెట్టినవాడు. అలాంటివాణ్ణి డబ్బు విషయంలో అనుమానించే మనిషి యెరూషలేములో ఉంటాడా? అయినా రెండో మనిషి లేకుండా సంచి మూతి కట్టలేదు. పౌలు అంతటివాడు కూడా యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు తోడుగా సంఘాలు ఏర్పరచిన మనిషి ఉండాలన్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని కొరింథు సంఘానికి రాశాడు. దైవసేవకుణ్ణి లెక్కలు అడగడం పాపం అని మనలో కొందరంటారు. అడిగేదాకా ఎందుకు రావాలి? యెహోయాదాలాగా ముందే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే అడిగే అవసరమే రాదు.

పనివాళ్లు నమ్మకస్థులు గనుక వాళ్లని లెక్క అడగలేదని పదిహేనో వచనంలో ఉంది, నిజమే. దాన్ని పట్టుకుని వాదించేవాళ్లు పైనుంచి చదువుకుంటూ రావాలి. పెట్టె, ఇద్దరి లెక్క, ఆ తర్వాత వడ్రంగుల చేతికి, తాపీవాళ్ల చేతికి డబ్బు. నమ్మకం ఆ తర్వాత మాట. ఆ డబ్బుతో ముందు వెండి గిన్నెలు, బాకాలు చేయించలేదని కూడా అక్కడే ఉంది. బాగుచేయడం పూర్తయ్యాక మిగిలినదానితో ఉపకరణాలు చేయించారని దినవృత్తాంతాల్లో చూస్తాం. లైట్లు, ఫ్లెక్సీలు వద్దని నేననడం లేదు. కప్పు తర్వాత పెట్టుకోండి.

మా మామ్మ పొలాల్లో కూలికెళ్లేది. పొయ్యి మీదికి ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి గోడవారనున్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో తక్కువైన రోజున కూడా పిడికిలి వదులు చేసేది కాదు. శనివారం ఆ బియ్యం గుడ్డసంచిలో పోసి గుడికి తీసుకెళితే, స్త్రీల సమాజం వాళ్లు అందరి ముందూ డబ్బాతో కొలిచి పుస్తకంలో రాసేవారు. చదువురాని మామ్మ తన పేరు ఎదురుగా వేలిముద్ర వేసేది. ఆ వేలిముద్ర గుర్తొచ్చినప్పుడల్లా, చిత్తుకాగితం మీద "ఇతర ఖర్చులు" అని రాసి చదివే లెక్కలు వినాలంటే నాకు బాధగా ఉంటుంది. ఆ "ఇతర" అనే మాటలో ఎంతమంది పిడికిళ్లు ఉన్నాయో!

వేలం సంగతి కూడా చెప్పాలి. దేవుడికని తెచ్చిన గుమ్మడికాయ, అరటిగెల, కోడిపెట్ట అందరి ముందూ పెద్ద ధరకి పాడుకుని, చప్పట్లు అందుకుని, డబ్బు మాత్రం క్రిస్మస్ దాటినా కట్టనివాళ్లున్నారు. చోళ్లు సోలెడు తెచ్చి మౌనంగా పెట్టి వెళ్లిన ముసలమ్మ ముందు మనం ఎలా తలెత్తుకుంటాం? పాడుకున్నది ఆ రోజే కట్టండి. కట్టలేకపోతే పాడకండి.

ఇక మన శ్రీకాకుళం వాళ్లకి అక్టోబరు అంటే ఏమిటో వేరే చెప్పాలా? 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. మూడు తుపాన్లూ అదే వారంలో తీరం దాటాయి. తిత్లీ తెల్లవారుజామున పలాస దగ్గర దాటినప్పుడు ఉద్దానంలో తరతరాల కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అలాంటి రాత్రి రేకుల ఇంట్లో ఉన్నవాళ్లు గట్టి కప్పు ఎక్కడుందా అని చూస్తారు. బియ్యం మూటతో, మేకపిల్లతో, చంటిబిడ్డతో గుడి తలుపు తడతారు. వాళ్లు మన సభ్యులా కాదా అని అడుగుతామా? అందుకే పండగయ్యాక చూద్దాం అనే మాట నాకు సహించదు. మన పండగ నవంబరులో, గాలివాన అంతకుముందే.

పెద్దలకి నా మనవి ఒకటే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇళ్లకి వెళ్లిపోకుండా ఒకసారి కప్పు ఎక్కి చూడండి. గోడలో రావిమొక్క వేరు తన్నుతోంది, దాన్ని పీకించండి. నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి. యవ్వనస్తులు ఉన్నారు, పిలిస్తే వస్తారు. మా ఇంట్లో నిచ్చెన ఉంది, నేనే తెస్తాను. కానుకల లెక్కకి ట్రెజరర్ గారి పక్కన స్త్రీల సమాజం నుంచి ఒకరిని కూర్చోబెట్టి, ఇద్దరి సంతకాలతో ఆ కాగితం గుమ్మం దగ్గర, లోపలికి వచ్చేవాళ్ల కుడివైపున అంటించండి.