దుకాణంలో బుద్ధిమంతుడు, ఇంట్లో మొండిఘటం

వారం రోజులు నన్ను ఏడిపించిన వైఫై అడాప్టర్ నిన్న సాయంత్రం దారికి వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. అమ్మాయి పెళ్లి ఫొటోలు అక్కడి స్టూడియోవాళ్లు హార్డ్‌డిస్క్‌లో వేసి ఇచ్చారు. వాటిని హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికి పంపాలి. రౌటరు ముందు గదిలో, నా పాత కంప్యూటరు వెనక గదిలో. గోడ వెంట తీగ లాగడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని కంప్యూటరుకు వైఫై అందించే వేలెడంత యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. దాంతో వచ్చిన సీడీ పెట్టడానికి కంప్యూటర్లో చోటే లేదు. ఫోను తగిలించి, దాని నెట్‌తోనే డ్రైవర్, అంటే అడాప్టర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, దించుకున్నాను. పావుగంట పని.

అసలు కథ ఆ తర్వాత. వైఫై పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, రెండు ఫొటోలు వెళ్లేసరికి తెగిపోతుంది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. డివైస్ మేనేజర్లో, కరెంటు పొదుపు కోసం పరికరాన్ని ఆపేసే టిక్కు కూడా తీసేశాను. ఊహూఁ.

సీపీయూని దుప్పటిలో మూటకట్టి ఆటోలో బజారుకు తీసుకెళ్లాను. దుకాణం కుర్రాడు తన తెర తగిలించి, అడాప్టర్ గుచ్చి, నెట్‌లో పాట పెట్టాడు. ఒక్క క్షణం ఆగలేదు. ‘అంతా బాగానే ఉంది మౌసా (బాబాయ్)’ అని నూట యాభై తీసుకున్నాడు. ఇంటికొచ్చాను. రెండు ఫొటోలు, తెగింది.

మర్నాడు మళ్లీ మూట, మళ్లీ ఆటో, మళ్లీ పాట. ఈసారి కుర్రాడు పక్కవాడితో ఒడియాలో, ‘ముసలాయనకు పాస్‌వర్డ్ కొట్టడం రాదేమో’ అన్నాడు. నేను తెలుగువాణ్ణి కాబట్టి నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. ఈ ఊళ్లోనే పుట్టి, ముప్పయి ఏళ్లు ఇక్కడి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. అక్కడున్న నలుగురూ నవ్వారు. అందులో ఒకడు నా శిష్యుడే, వర్గమూలం ఎన్నడూ సరిగ్గా తీయనివాడు.

మూడోసారి వెళ్తే, కళ్లెదుట పనిచేస్తున్న అడాప్టర్‌నే పాడైందన్నాడు, కొత్తది కొనమన్నాడు. ఇంట్లో దాని పక్కన ఇంకేం తగిలించారని ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయింది?

నిన్న పక్కింటివాళ్లు పెళ్లి వీడియో చూస్తామంటే హార్డ్‌డిస్క్ పీకాను. చచ్చిపడున్న నెట్ లేచి కూర్చుంది! డిస్క్ పెట్టాను, పోయింది. తీశాను, వచ్చింది. నాలుగుసార్లు చేసి చూశాను. నిరూపణ లేనిదే నేను నమ్మను.

సంగతేమిటంటే, ఆ డిస్క్ యూఎస్‌బీ 3.0ది. వెనకనున్న నీలం పోర్టులో పెడితే సెకనుకు 5 గిగాబిట్ల దాకా వేగం. ఆ వేగంలో డిస్క్ నుంచి, దాని తీగ నుంచి బయటికి పొక్కే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్‌జ్ మీద పడుతుంది. నా అడాప్టర్ వైఫైని వినేది ఆ ఒక్క బ్యాండ్, అంటే ఆ రేడియో తరంగాల పట్టీ, మీదే. డిస్క్‌కు ఆనుకుని కూర్చుంటే దానికి రౌటరు మాట ఎలా వినిపిస్తుంది? ఇంటెల్ వాళ్లు దీని గురించి 2012లోనే పత్రం రాశారు. మా చిన్నప్పుడు విశాఖ ఆకాశవాణి పెట్టుకుంటే వంటింట్లో మిక్సీ తిరిగినంతసేపూ రేడియో బరబరలాడేది. ఇదీ అదే బాపతు. దుకాణంలో డిస్క్ లేదు కాబట్టి పాట మోగింది.

డిస్క్‌ను నల్ల పోర్టులోకి మార్చినా రొద పోతుంది గానీ, అది 2.0, ఫొటోల కాపీ నత్తనడక. అందుకని ఎనభై రూపాయలు పెట్టి మీటరు పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ కొన్నాను. వేరే దుకాణంలో. అడాప్టర్‌ను ముందువైపు పోర్టుకు కలిపి, కిటికీ ఊచకు దారంతో కట్టాను. రాత్రి పదిన్నరకల్లా ఫొటోలన్నీ హైదరాబాద్ చేరాయి. తీగ వద్దన్న మా ఆవిడ ఆ వేలాడేదాన్ని చూసి ఇంకా ఏమీ అనలేదు.