బీచ్ రోడ్డు విమానం, 144వ వంతు కొలతలో

టీయూ-142 అంటే సముద్రం మీద తిరిగే పెద్ద రష్యన్ సైనిక విమానం. నేను ప్లాస్టిక్ మోడల్‌గా చేస్తున్నది దాన్నే. కిట్ పెట్టె మీద బొమ్మ టీయూ-142ఎంఆర్‌ది. నాకు కావాల్సింది టీయూ-142ఎంకే-ఈ. రెండూ అక్కచెల్లెళ్లే కానీ పనులు వేరు. ఎంకే-ఈ సముద్రంలో దాక్కున్న శత్రు జలాంతర్గాముల్ని వెతుకుతుంది, ఎంఆర్ సొంత జలాంతర్గాములకు సందేశాలు పంపుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా నిలబెట్టింది ఆ వెతికేదాన్ని. 1/144 కొలతలో నాకు దొరికిన కిట్ మాత్రం సందేశాలు పంపేదానిది. అందుకే ఇన్ని కోతలు, ఇన్ని అతుకులు.

అసలు విమానం పొడవు 53 మీటర్ల పైచిలుకు, రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లు. 144తో భాగిస్తే పొడవు 36.9 సెం.మీ., రెక్కలు 34.7 సెం.మీ. అంటే అన్నం తినే పెద్ద కంచం కన్నా కాస్త పెద్దది. ఇదే 1/72లో చేస్తే పొడవు దాదాపు 74 సెం.మీ. అవుతుంది, మా ఇంట్లో దాన్ని పెట్టడానికి చోటు లేదు.

మన నౌకాదళం 1988లో ఈ రకం విమానాలు ఎనిమిది తీసుకుంది. మొదట గోవాలో ఉండేవి, 1992లో అరక్కోణానికి మారాయి. 2017 మార్చి 29న అక్కడి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో వాటికి వీడ్కోలు చెప్పారు. వాటిలో ఒకటి ఆ ఏప్రిల్‌లో విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చింది. దాన్ని విప్పి, ముక్కలుగా బీచ్ రోడ్డుకు తెచ్చి, మళ్లీ బిగించారు. ఆ సంగతి తెలిసిన రోజే నాకు ఈ కిట్ చెయ్యాలనిపించింది.

మే

నెలంతా ఫొటోలకే పోయింది. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి విమానం కిందే నిలబడి తీసిన ఫొటోలు చూడ్డానికి బాగున్నాయి, కొలతలకు మాత్రం పనికిరాలేదు. దగ్గర్నుంచి తీస్తే ముక్కు ఉబ్బినట్టు, తోక సన్నబడినట్టు వస్తుంది. రెండోసారి రోడ్డు దాటి సముద్రం వైపు ఫుట్‌పాత్ మీద, ఎంత దూరం వీలైతే అంత దూరం జరిగి, జూమ్ పూర్తిగా లాగి తీశాను. పొద్దున ఎండ సముద్రం వైపు నుంచి పడుతుంది కాబట్టి ఎనిమిది గంటల లోపు వెళ్తే ఆ పక్కంతా తేటగా కనిపిస్తుంది. మూడోసారి చెట్లు అడ్డొచ్చిన చోట్ల కోసం వెళ్లాను.

టేపు పట్టి కొలిచే వీలు లేదు కదా. నేను చేసిందేమిటంటే, ఫొటోలో నిలువు తోక ఎత్తును వంద భాగాలు అనుకుని మిగతావన్నీ దాంతో పోల్చాను. కిట్‌లో ఉన్న తోకను మిల్లీమీటర్లలో కొలిస్తే చాలు, మిగతా కొలతలు వాటంతట అవే వస్తాయి. మీ ఊళ్లో కూడలిలోనో, ఆఫీసు గేటు దగ్గరో విమానం ఉంటే ఈ పద్ధతి వాడి చూడండి. పుస్తకాల్లో దొరికే డ్రాయింగుల కంటే నాకు దీని మీదే నమ్మకం.

జూన్

మార్చాల్సినవి ముఖ్యంగా రెండు, తోక కొస, పొట్ట.

ఎంఆర్ తోక కొసన ముందుకు చూసే గుళిక లాంటి ఉబ్బు ఉంటుంది. ఎంకే-ఈకి అక్కడ వెనక్కి పొడుచుకొచ్చిన బూమ్, అంటే పొడవాటి కడ్డీ ఉంటుంది. అది జలాంతర్గామి ఇనుము వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పసిగట్టే పరికరం. విమానంలోని లోహానికి, కరెంటు తీగలకు వీలైనంత దూరంగా ఉండాలనే దాన్ని తోక చివరన పెట్టారు. ఇది తెలిశాక ఆ బూమ్ ఆకారం కళ్లకు ఇంకోలా కనిపించింది. ఎందుకంత సన్నగా, అంత వెనక్కి సాగిందో అర్థమైంది.

ఉబ్బును రేజర్ సాతో కోసేశాను. కోసే ముందు గీత పక్కన రెండు పొరలు టేపు వేస్తే రంపం జారదు. తోక రెండు సగాల్నీ అతికించి, రెండు రోజులు ఆరనిచ్చాకే కోయాలి. అతుకు పచ్చిగా ఉండగా కోస్తే సగాలు విడిపోతాయి.

బూమ్ కోసం మొదట బాల్‌పెన్ రీఫిల్ గొట్టం వాడాను. సరైన మందం, నున్నగా ఉంది, చూడగానే సంతోషం వేసింది. కానీ ప్లాస్టిక్ సిమెంట్ దాన్ని పట్టుకోలేదు. ఆ జిగురు కిట్ ప్లాస్టిక్‌ను, అంటే పాలీస్టైరిన్‌ను కరిగించి అతుకుతుంది, రీఫిల్ గొట్టం వేరే రకం ప్లాస్టిక్. ఫెవిక్విక్ వేస్తే రెండు రోజులు నిలిచింది. మూడో రోజు గోరు తగలగానే ఊడిపోయింది. ఆ సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి కిట్ ముక్కలు అంటుకుని వచ్చే స్ప్రూనే తీసుకున్నాను, లావుగా ఉన్న ముక్క. చిన్న డ్రిల్లుకు బిగించి తక్కువ వేగంతో తిప్పుతూ, మడిచిన 400 నంబరు వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే గరుకు కాగితం) వేళ్ల మధ్య పట్టుకుని దాని చుట్టూ నొక్కాను. పేపర్ తడిగా ఉండాలి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి మెలిక పడుతుంది. పది సెకన్లు తిప్పడం, ఆపి చూడడం, మళ్లీ తిప్పడం. తెల్లటి పాలలాంటి నీళ్లు వేళ్ల మీదుగా కారుతుంటే, ఆ మొద్దు కాడ మెల్లగా సన్నబడి కొసకు తేలుతూ వచ్చింది. తర్వాత 800, ఆ తర్వాత 1200. లెక్కకు వచ్చిన పొడవు కంటే 2 మి.మీ. ఎక్కువే ఉంచాను, తగ్గించడం ఎప్పుడైనా తగ్గించవచ్చు. దాని అడుగున 0.5 మి.మీ. ఇత్తడి తీగ దించి, తోక కొసన అదే మందంలో చిల్లు వేసి గుచ్చాను. ఇప్పుడు చెయ్యి తగిలినా ఊడదు. అతుకు చుట్టూ సన్నగా లప్పం పూసి, ఆరాక నున్నగా రుద్దాను.

పక్క నుంచి చూస్తే బాగానే ఉంది. పైనుంచి చూస్తే కొస ఒక వెంట్రుక వాసి ఎడమకు ఒరిగింది. తీసి మళ్లీ పెట్టాను. తోక మధ్య గీత మీద దారం లాగి కట్టి, దాని నీడలో బూమ్‌ను సరిచేసి వదిలాను. ఈ ఒక్క ముక్క వంకరగా ఉంటే మొత్తం విమానమే వంకరగా కనిపిస్తుంది.

పొట్ట పని ఇంకా పెద్దది. ఎంఆర్‌కు అక్కడ కిలోమీటర్ల పొడవున్న ఏరియల్ తీగను వదిలే యంత్రం తొడుగు ఉంటుంది. దాన్ని కోసేసి, ఆ రంధ్రాన్ని లోపలి నుంచి 1 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో మూశాను. ఎంకే-ఈకి అక్కడ కోర్షున్ అనే రాడార్ గుమ్మటం రావాలి. టేకు చెక్క ముక్కను గుమ్మటం ఆకారంలో చెక్కి, 0.5 మి.మీ. షీటును స్టవ్ మంట మీద దూరంగా పట్టుకుని, అప్పడంలా కిందికి సాగగానే చెక్క మీదికి నొక్కాను. ఆరు షీట్లు పాడయ్యాక ఏడోది కుదిరింది. మంటకు ఒక జానెడు పైన పట్టుకుంటే సమంగా వేడెక్కుతుంది. మరీ దగ్గరైతే మధ్యలో చిల్లు పడుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, ఆ పొగ పీల్చకూడదు.

అంచుల చుట్టూ ఖాళీలు ఎం-సీల్‌తో నింపాను. రెండు రంగులూ బాగా కలిసేదాకా పిసికి, నీళ్లు అద్దిన వేలితో అంచును లాగితే తర్వాత రుద్దే పని సగం తగ్గుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున రుద్దాను. కరెంటు దీపం పక్కకు వంచి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పెడితే, వేలికి తగలని గుంటలు కూడా నీడలుగా బయటపడతాయి.

జూలై

ఒళ్లు రెండు సగాలూ మూసే ముందు ముక్కులో బరువు పెట్టాలి. ఖాళీ విమానాన్ని టేపుతో కట్టి చక్రాల మీద నిలబెట్టి చూస్తే తోక కిందికి వంగింది. ముక్కు మీద బయటే సీసం ముక్కలు టేపు చేస్తూ పోతే 38 గ్రాముల దగ్గర నిలబడింది. మార్జిన్ కోసం 45 గ్రాములు పెట్టాను.

సీసం కోసం ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలు, తాళ్లు అమ్మే కొట్టుకు వెళ్లాను. వలలకు కట్టే సీసం గుళ్లు చిన్నవి, చెవిలో దుద్దంత ఉంటాయి. "ఏ వలకు బాబూ?" అని అడిగాడాయన. బొమ్మ విమానం ముక్కులో పెట్టడానికండీ అన్నాను. "బీచ్‌లో ఉన్న ఇమానమేనా?" అన్నాడు. అవునన్నాను. ఎంత వద్దన్నా డబ్బు తీసుకోలేదు. "అయిపోయాక ఓపాలి తెచ్చి చూపించు బాబూ" అన్నాడు. చూపించాలి.

సీసాన్ని తెల్ల జిగురుతో అతికించొద్దు. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆమ్లానికి సీసం తెల్లగా పొంగి, ఏళ్లు గడిచేసరికి మోడల్ లోపలి నుంచే పగిలిపోతుంది. రెండు గొట్టాల ఎపాక్సీతో అతికించాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

ప్రొపెల్లర్లు నాలుగు ఇంజన్లకు ఎనిమిది. ప్రతి ఇంజన్‌కు ముందు వెనకగా రెండు, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. ఒక్కోదానికి నాలుగు రెక్కలు, అంటే మొత్తం ముప్పై రెండు. అసలు వ్యాసం 5.6 మీటర్లు, మోడల్ మీద 39 మి.మీ. ముందుదాని మెలిక, వెనకదాని మెలిక అద్దంలో చూసినట్టు ఉండాలి. కాడ నుంచి కోసేటప్పుడే ముందువి ఒక డబ్బాలో, వెనకవి ఇంకో డబ్బాలో వేసుకోండి. నేను కలిపేశాను. మూడో ఇంజన్ అతికించాక చూస్తే రెండూ ఒకే వైపు మెలికతో ఉన్నాయి. విప్పడంలో ఒక రెక్క విరిగింది, దాన్ని షీటు నుంచి కొత్తగా కోసి పెట్టాల్సి వచ్చింది. రెక్కల అంచులన్నీ కిట్‌లో మందంగా ఉన్నాయి, వాటర్ పేపర్‌తో పలచన చేస్తే ఒక్కోదానికి ఐదారు నిమిషాలు పట్టింది. క్రికెట్ మ్యాచ్ చూస్తూ చేశాను.

ఆగస్టు

రంగు దగ్గరే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ప్రైమర్ పలచన చెయ్యడానికి లూజుగా అమ్మే థిన్నర్ కొన్నాను. స్ప్రూ మీద వేసి చూడకుండా నేరుగా ఎడమ రెక్క కింద కొట్టాను. అరనిమిషంలో ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులా. అందులో ఉన్న ద్రావకం మరీ ఘాటు. రెండు రోజులు ఆరనిచ్చి, రుద్ది, లప్పం పూసి, మళ్లీ రుద్దాను. ఇప్పుడు కనిపించదు, నాకు తప్ప. ఏ థిన్నరైనా ముందు స్ప్రూ ముక్క మీద వేసి పది నిమిషాలు ఆగాలి.

ఇక విశాఖ గాలి. ఆగస్టులో మా గదిలో తేమ మీటర్ 84 శాతం చూపిస్తుంది. ఆ తేమలో త్వరగా ఆరే లాకర్ (lacquer) రకం రంగు కొడితే తెల్లటి మంచు పట్టినట్టు మసకబారుతుంది. అందుకే ఏసీ అరగంట నడిపి, తేమ 60 కిందికి వచ్చాక, ఏసీ ఆపి కొట్టాను. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) నాజిల్ 0.3 మి.మీ., గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ, రంగు ఒక పాలు, థిన్నర్ రెండు పాళ్లు.

ఒంటి రంగు లేత బూడిద. తెలుపు ఎనిమిది పాళ్లు, మామూలు బూడిద రెండు పాళ్లు, నీలం ఒక్క చుక్క. అసలుదాని రంగు ఉన్నదున్నట్టు కలిపితే చిన్న మోడల్ మీద ముదురుగా కనిపిస్తుంది. మోడల్‌ను మూరెడు దూరం నుంచి చూడడం అంటే నిజం విమానాన్ని డెబ్బై మీటర్ల దూరం నుంచి చూసినట్టు, మధ్యలో గాలి రంగును లేత చేస్తుంది. అందుకే తెలుపు కాస్త పెంచాను. మూడు పలచటి పూతలు, పూతకూ పూతకూ ఇరవై నిమిషాలు.

గుర్తుల పని ఇప్పుడు నడుస్తోంది. కిట్‌లో ఉన్నవి రష్యన్ నక్షత్రాలు, అవి పక్కన పెట్టేశాను. మన వలయం బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇంట్లో ప్రింటర్ తెలుపు ముద్రించలేదు. పారదర్శక కాగితం మీద వేసి బూడిద రంగు ఒంటి మీద అతికిస్తే కాషాయం మట్టి రంగులోకి దిగిపోయింది. ఒకటి వేసి చూసి పీకేశాను. ఇప్పుడు ముందు టేపులో గుండ్రంగా కోసి, తెల్ల రంగు బిళ్లలు కొట్టి, వాటి మీద ముద్రించిన వలయాలు అతికిస్తున్నాను. తెల్ల బిళ్ల వలయం కంటే అర మిల్లీమీటర్ చిన్నగా కోయాలి, లేకపోతే కాషాయం బయట తెల్ల అంచు తొంగిచూస్తుంది. అతికించే చోట ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి ఉండాలి. గరుకు మీద వేస్తే ఫిల్మ్ కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది.

నిన్న రాత్రికి ఒళ్లు రెండు వైపులా, ఎడమ రెక్క మీద వలయాలు అయ్యాయి. కుడి రెక్క మీద తెల్ల బిళ్ల కొట్టి టేపు అలాగే ఉంచాను, ఈ సాయంత్రం తీస్తాను. తర్వాత చక్రాలు, తలుపులు, ముక్కు కింద అద్దాలు. హార్బర్ కొట్టుకు పట్టుకెళ్లడానికి మూత ఉన్న అట్టపెట్టె ఒకటి వెతికి ఉంచాను. తోక వైపు పొడవు సరిపోవడం లేదు, బూమ్ కోసం దాని ఒక గోడ కోయాలి.